ఆడవాళ్ళ తొట్టి

అమ్మకానికి రంగుచేపలు పెంచే షెడ్డులో చివరి సిమెంటు తొట్టిని ఇంట్లో అందరూ ఆడవాళ్ళ తొట్టి అనేవారు. అందులోకి మగచేప నీడ కూడా పడకూడదని కట్టడి. నిమ్మపండు రంగు ప్లాటీలు, ఆకుపచ్చ కత్తితోకలు, రెండు రకాల ఆడచేపలూ అందులో కలిసే పెరుగుతున్నాయి. మగాడంటూ లేనప్పుడు ఎవరి పక్కన ఎవరుంటే ఏం పోయిందని, చోటు కలిసొస్తుందని, అలా ఉంచారు. ఇవి గుడ్లు పెట్టే చేపలు కావు. కడుపుతో ఉండి నేరుగా పిల్లల్నే పెడతాయి. అందుకే ఈడు రాకముందే ఆడవాటినీ మగవాటినీ విడదీయడం ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యం.

అలాంటి తొట్టిలో ఒక పొద్దున్న నాచు చాటున పిల్లలు కనిపించాయి.

"వదినా! ఒకసారి ఇలా రా!" అని మరిది పెట్టిన కేకలో గాలిపంపు చప్పుడు కూడా మునిగిపోయింది.

భూతద్దమ్మ టీ గ్లాసు చేత్తో పట్టుకునే వచ్చింది. అది ఆవిడ అసలు పేరు కాదు. ఈనెపుల్ల ముక్కంత చేపపిల్లని చెంచాలోకి ఎత్తి, ఎదుటివాళ్ళు రెప్ప వేసేలోపు ఆడో మగో చెప్పేస్తుంది గనక భర్త వేళాకోళానికి పెట్టిన పేరు. ఊళ్ళో చేపల కొట్లవాళ్ళు దాన్ని ఎంతో గౌరవంగా వాడుకోవడం మొదలుపెట్టాక ఆయనకి వేళాకోళం చేసే సుఖం కూడా పోయింది. షెడ్డు మరిదిది, వ్యాను నడిపేది భర్త, విడదీసేది ఈవిడ. "భూతద్దమ్మ చేతి సరుకు" అంటే కొట్లవాళ్ళు సంచీ విప్పి కూడా చూడరు.

ఆవిడ వంగి చూసింది. కనుబొమ్మలు పైకి లేచాయి.

"పిల్లలే," అంది.

"పిల్లలేనని నాకూ కనబడుతోంది. ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయి? అటు చూడు, ఆ ప్లాటీ పొట్ట చూడు, ఈ పక్కది చూడు. సగం తొట్టి కడుపుతో ఉంది!"

నిజమే. పసుపు ప్లాటీలు బుజ్జి బానల్లా తయారై మెల్లగా తిరుగుతున్నాయి. మేత వేసే చిన్నకోడలు, మరిది భార్య, మేత డబ్బా పట్టుకుని తొట్టి పక్కనే నిలబడి ఉంది. ఈ ఇంటికి వచ్చి ఏడాది దాటింది. అంతకు ముందు బట్టలు కుట్టే దుకాణంలో గుండీలు కుట్టేది. ఇక్కడికొచ్చాక సూదికంటే చేతివలే తనకి నచ్చిందని పైకే చెప్పేది. చేపలకి మేత వేస్తూ వాటితో కబుర్లు చెప్పేది. అవి కూడా ఆ అమ్మాయి నీడ కనబడగానే నీళ్ళ మీదికి ఎగబడేవి.

"ఇందులోకి మగది ఎలా వచ్చింది?" అన్నాడు మరిది.

"నేను విడదీసి వేసినప్పుడు ఒక్క మగది కూడా లేదు," అంది భూతద్దమ్మ. అని టీ తాగింది.

ఆ మాటలో మోసం లేదు. నిజమనుకునే అంది. కానీ ఆవిడ ఆ మాట అనేశాక, మరిది కాక ఆ తొట్టి మీద చెయ్యి వేసే మనిషి ఇంకొక్కరే మిగిలారు. అతను తన భార్య వైపు తిరిగాడు.

"ఏ తొట్టి వల ఆ తొట్టికే అని ఎన్నిసార్లు చెప్పాను? ఎక్కడ ముంచావో, దేన్ని తెచ్చి ఇందులో పడేశావో! ఒకసారి కలిస్తే చాలు, నెలల తరబడి ఆ తండ్రి పిల్లల్నే పెడుతూ ఉంటాయివి. ఈ ప్లాటీల వంశం ఇంక దేనికీ పనికిరాదు. ఎన్ని తరాలు కళ్ళల్లో వత్తులు వేసుకుని కాపాడాననుకున్నావు?"

చిన్నకోడలు ఏదో అనబోయింది. ఈలోగా అతను ఆమె చేతిలోని వల తీసుకుని మేకుకి తగిలించాడు. "నువ్వింక తొట్ల జోలికి రావద్దు. స్పాంజీలు కడుగు, అది చాలు."

ఆ అమ్మాయి తోడికోడలి మొహంలోకి చూసింది. భూతద్దమ్మ అప్పటికే మళ్ళీ తొట్టిలోకి వంగిపోయింది.

మధ్యాహ్నం ఆవిడ పిల్లల్ని టీ వడపోతతో పట్టి తెల్ల బేసిన్లో వేసుకుని, షెడ్డు గుమ్మంలో ఎండ పడేచోట పీట వేసుకుని కూర్చుంది. తప్పెవరిదో తేల్చాలని కాదు. తప్పు ఎవరిదో ఆవిడ లెక్కలో తేలిపోయింది. ఈ పిల్లల తండ్రి ఎవరో తెలుసుకోవాలని ఉబలాటం. ముప్పొద్దులా చేపలని చూసే మనిషికి కూడా కొత్త చేపపిల్ల కనబడితే చెయ్యి ఊరుకోదు.

నిమ్మపండు ప్లాటీకి నిమ్మపండు ప్లాటీతోనే పుడితే పిల్లలు పాలిపోయిన పసుపులో, లోపలి ముల్లు కనబడేంత పలచగా ఉంటాయి. ఇవి అలా లేవు. బూడిదరంగులో ఉన్నాయి. ఒక్కొక్కదానికీ కంటి దగ్గర మొదలై తోక దాకా, సన్న పెన్సిలుతో గీసినట్టు ఒక గీత. ఒళ్ళు కూడా ప్లాటీల్లా పొట్టిగా గుండ్రంగా కాక కాస్త సాగినట్టుంది.

"ఇవి ప్లాటీలకి ప్లాటీలకి పుట్టినవి కావు," అని పైకే అంది. "కత్తితోకకి పుట్టాయి. ఆకుపచ్చ కత్తితోకకి. ఈ గీత వాటిదే."

వ్యాను తుడుస్తున్న భర్త తల తిప్పాడు. "జాతి కాని జాతికి పుడతాయా?"

"ఈ రెండూ దగ్గరి చుట్టాలే. పుడతాయి, పెరుగుతాయి, పెద్దయ్యాక పిల్లల్ని కూడా పెడతాయి. అటు ప్లాటీ అనలేం, ఇటు కత్తితోక అనలేం. కొట్లవాళ్ళు తీసుకోరు."

"పాపం, వాటికేం తెలుసు," అన్నాడాయన.

ఆవిడకి అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. షెడ్డులో ఎర్ర కత్తితోక మగచేపలు కావలసినన్ని ఉన్నాయి. ఆకుపచ్చ మగవాటిని మాత్రం విడదీసిన వారంలోనే వ్యానెక్కించేశారు. ఆకుపచ్చవి మిగిలినవన్నీ ఆడవాళ్ళ తొట్టిలోని ఆడవే. మరి చిన్నకోడలు ఏ తొట్టిలో వల ముంచి ఆకుపచ్చ మగాణ్ణి తెచ్చింది? లేని చేప వలలో ఎలా పడుతుంది?

వచ్చేటప్పుడే కడుపుతో వచ్చాయేమో అనుకుంది. కొట్లలో కొన్న ఆడచేప మగవాడు లేకుండానే నెలల తర్వాత పిల్లల్ని పెట్టడం ఈ పనిలో అందరికీ తెలిసిందే. కానీ ఇవి కొన్నవి కావు, తన కళ్ళ ముందు పుట్టినవి. ఈడు రాకముందే తన చెంచాతో విడదీసినవి. పక్క తొట్టి నుంచి ఎగిరి దూకిందేమో అనుకుంది. పక్క తొట్టిలో ఉన్నవి గప్పీలు, వేరే జాతి.

షెడ్డు వెనక కుళాయి దగ్గర చిన్నకోడలు స్పాంజీలు పిండుతోంది. ఫిల్టరు స్పాంజీల్లోంచి కారే నల్లటి నీళ్ళు మోచేతుల దాకా పాకాయి. భూతద్దమ్మ బేసిన్ పట్టుకుని అటు వెళ్ళింది.

"ఇదిగో అమ్మాయ్, ఈ గీత చూశావా?"

ఆ అమ్మాయి కూడా వంగి చూసింది. ఒక్క క్షణం ఆమె మొహంలో పాత వెలుగు వచ్చింది. "భలే ఉన్నాయక్కా," అంది. వెంటనే వెనక్కి జరిగి మళ్ళీ స్పాంజి అందుకుంది. "సోమవారం నుంచి మళ్ళీ కుట్టు దుకాణానికి వెళ్దామనుకుంటున్నానక్కా. వాళ్ళు రమ్మన్నారు."

"మరి ఇక్కడో?"

"ఇక్కడ నాకేం పనుంది?"

భూతద్దమ్మ బేసిన్ కింద పెట్టింది. ఇంటికి వచ్చిన మొదటి నెలలోనే ఈ పిల్ల చేపల మేతకి వేసే నీటిపురుగుల్ని గుడ్డలో వడగట్టి వేరుచేయడం నేర్చుకుంది. అంత తొందరగా ఎవరూ నేర్చుకోలేదు. ఆ సంగతి అప్పుడు ఈవిడ పైకి అనలేదు. ఇప్పుడు అంటే ఓదార్పులా ఉంటుందని ఊరుకుంది.

మర్నాడు పొద్దున్నే పీట తెచ్చి ఆడవాళ్ళ తొట్టి పక్కన వేసుకుంది. విడదీసి వేసేశాక ఆ తొట్టిలోకి మళ్ళీ తేరిపార చూసింది లేదు. చూడాల్సిన అవసరం ఏముందనుకుంది. మేత చిన్నకోడలు వేసేది, నీళ్ళు మరిది మార్చేవాడు. తన పని చెంచాతోనే అయిపోయింది.

చాలాసేపు ఏమీ కనబడలేదు. ప్లాటీలు అడుగున గులకరాళ్ళు పొడుచుకుంటున్నాయి. ఆకుపచ్చవి నాచు గుబురులో దోబూచులాడుతున్నాయి. వాటన్నిటిలోకీ పెద్దది ఒకటుంది. ఒళ్ళు విరుచుకుని తిరిగే ఆ చేపని చూసి "ఇది మన తల్లి చేప అవుతుంది" అని తనే ఒకసారి మరిదితో అంది. ఆ పెద్దది గుబురులోంచి వచ్చి ఒక ప్లాటీ పక్కకి చేరింది. చేరి, వెనక్కీ ముందుకీ ఊగింది. ప్లాటీ పక్కకి తప్పుకుంటే మళ్ళీ దాని వెంటే వెళ్ళింది. మళ్ళీ ఊగింది.

భూతద్దమ్మ పీట మీంచి లేచింది. ఆడచేప అలా ఊగదు.

వలతో పట్టి గాజుగ్లాసులో వేసింది. గ్లాసుని వెలుతురుకి ఎత్తి కింది నుంచి చూసింది. ఆడదానికి పొట్ట కింద రెక్క విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. మగదానికి పుల్లలా మొనదేలి ఉంటుంది. ఇది పుల్ల. అనుమానమే లేదు, పుల్లే. తోక కింది అంచున గోరంత మొన కూడా బయటికి వచ్చింది. మగవాటికే ఉండే కత్తి మొలుస్తోంది.

గ్లాసు కింద పెట్టి ఇంట్లోకి వెళ్ళింది. అల్మారాలోంచి తలనొప్పి బిళ్ళల అట్ట తీసి వెనక చీమ తలకాయలంత అక్షరాలు చదివింది. చేయి చాచి దూరంగా పెట్టి చదివింది, దగ్గరగా పెట్టి చదివింది. అన్నీ కనబడ్డాయి.

"ఏమైంది, తలనొప్పా?" అన్నాడు భర్త.

"కాదు. కళ్ళు బాగానే ఉన్నాయి," అంది. కళ్ళు బాగుంటే భయం తగ్గాలి కదా, ఎక్కువైంది. కళ్ళు బాగుండి కూడా తప్పు చేశానంటే మరి దేన్ని నమ్ముకోవాలి?

తిరిగి వచ్చేసరికి చిన్నకోడలు కడిగిన స్పాంజీల బుట్టతో అక్కడ ఆగి, గ్లాసులోకి చూస్తోంది.

"దీన్ని ఇదివరకు ఎప్పుడైనా గమనించావా?" అంది భూతద్దమ్మ.

"దీని తోక మొనదేలుతోందని కనబడిందక్కా. మీరు ఆడదన్నారు కదా. తోక చిరిగి అలా అయిందేమో అనుకున్నాను."

"ప్లాటీల వెంట పడటం?"

"అదీ చూశాను. ఆకలేస్తోందేమోనని ఇంకొంచెం మేత వేశాను."

వేరే రోజైతే భూతద్దమ్మకి నవ్వాగేది కాదు. ఈ పిల్ల కళ్ళు తన కళ్ళకంటే ముందు చూశాయి. చూసి కూడా, తన మాట కోసం అవి అబద్ధమనుకుంది. ఆవిడకి సిగ్గేసింది. నిండా సిగ్గేసింది.

గ్లాసు తీసుకుని నేరుగా మరిది దగ్గరికి వెళ్ళింది. అతను సంచుల్లో గాలి నింపి రబ్బరుబ్యాండ్లు వేస్తున్నాడు.

"దొరికాడు," అంది. "తండ్రి ఇతనే. అసలు మొదటి నుంచీ ఆ తొట్టిలోనే ఉన్నాడు. నేనే ఆడదని వేశాను. కొన్ని మగవి ఆలస్యంగా తేలతాయి కాబోలు. నా చేతిలో జరిగిన పొరపాటిది. ఆ పిల్లది కాదు."

మరిది గ్లాసు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. అతని మొహం విప్పారింది.

"అదీ సంగతి! మగాడే. అయితే ఎవరో వేసినట్టే కదా."

"నేనే వేశానంటున్నా కదా!"

"నువ్వు వేస్తే ఆడది అయ్యుండేది వదినా," అన్నాడు, చిన్నపిల్లకి చెప్పినట్టు. "ఇన్నేళ్ళలో నీ చెయ్యి ఒక్కసారైనా తప్పిందా? ఆకుపచ్చ మగవాటిని వ్యానెక్కించిన రోజు సంచీలోంచి ఒకటి జారి ఉంటుంది, ఈవిడ జాలిపడి తీసి ఇందులో వేసుంటుంది. నీది మంచి మనసు. తోడికోడల్ని వెనకేసుకొస్తున్నావు. అర్థం చేసుకోగలను."

భూతద్దమ్మ గ్లాసు వెనక్కి తీసేసుకుంది. దోషిని తీసుకొచ్చి ఎదురుగా నిలబెడితే, దాంతోనే ఆ పిల్ల మెడకి ఉచ్చు ఇంకాస్త బిగిసింది. తన పేరే అడ్డం పడింది. ఇన్నాళ్ళూ కొట్లవాళ్ళు సంచీ విప్పకుండా తీసుకుంటుంటే లోపల్లోపల పొంగిపోయింది.

"నేను తప్పు చేశానని ఒప్పుకుంటే కూడా నమ్మవా?"

"వేరే ఎవరు ఒప్పుకున్నా నమ్ముతాను," అన్నాడు మరిది.

ఆ రోజంతా ఆవిడ ఒక్క చేపని కూడా విడదీయలేదు. బేసిన్ ముందు కూర్చుని, చెంచా ముంచి, ఎత్తి, చూసి, మళ్ళీ అదే బేసిన్లో వదిలేసింది. ఒక్కో పిల్లా చెంచాలో తళుక్కుమని ఒళ్ళు తిప్పుతుంటే, నువ్వేమవుతావు, ఇప్పుడొకటి కనబడి రేపింకొకటి అవుతావా అని అడగాలనిపించింది. విచిత్రంగా, భయం కింద నుంచి మళ్ళీ ఉబలాటమే తలెత్తింది. ఆ పెద్దది ఒక్కటేనా అలా మారింది? దాని తోబుట్టువులో? ఆ కాన్పులో ఆడవాటిని సగం ఇక్కడ ఉంచి సగం పెద్ద వీధిలో రంగుచేపల కొట్టుకి పంపింది. సంచీ తనే కట్టింది. చిన్నకోడలు అప్పటికింకా వలే పట్టలేదు.

శనివారం పొద్దున్న భర్త వ్యాను తీస్తుంటే వెళ్ళి పక్క సీట్లో కూర్చుంది.

"ఎక్కడికి?"

"రంగుచేపల కొట్టుకి."

"నువ్వు కొట్టుకి రావడమా? ఆయన కుర్చీ తుడవడానికే అరగంట పడుతుంది," అన్నాడాయన. కానీ ఆవిడ మొహం చూసి ఇంకేమీ మాట్లాడకుండా గేరు వేశాడు.

కొట్టాయన నిజంగానే కుర్చీ తుడిచాడు. బట్టతల, మెడలో తువ్వాలు, మాటకి ముందు నవ్వు. "భూతద్దమ్మగారే స్వయంగా! ఏం కావాలి, చెప్పండి."

"ఆమధ్య ఆకుపచ్చ కత్తితోక ఆడవాటిని పంపాను. ఉన్నాయా?"

కొట్టాయన నవ్వు ఆగిపోయింది. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూశాడు.

"ఉన్నాయండీ. మరి... మా తప్పేనండి. ఎలా జరిగిందో జరిగింది. మీ ఆడవాటిలో ఒక మగాణ్ణి కలిపేశాం."

"ఎవరు కలిపారు?"

"మా ఆవిడండి. నేను లేనప్పుడు కొట్లో తనే కూర్చుంటుంది. వెయ్యలేదు వెయ్యలేదని ఒకటే ఏడుపు. నేను వింటేగా! మీ సంచీలో మగది ఎలా ఉంటుంది? గట్టిగానే చీవాట్లు పెట్టాను. ఇప్పటిదాకా నాతో సరిగ్గా మాట్లాడట్లేదు."

వెనక వరసలో గాజుతొట్టి చూపించాడు. ఆకుపచ్చ చేపల మధ్య ఒకటి, పొడుగ్గా, నిబ్బరంగా, తోక కింద వేలి కణుపంత కత్తి పెంచుకుని తిరుగుతోంది. భూతద్దమ్మ అద్దానికి మొహం ఆనించి చాలాసేపు చూసింది. ఎంత అందంగా ఉందో! ఆ కత్తి అంచున నల్ల గీత, లోపల నారింజ మెరుపు. దీన్ని కూడా తనే చెంచాలో ఎత్తింది. తనే "ఆడ" అంది. అప్పుడు అది ఆడదిలాగే ఉంది. రేపు మళ్ళీ ఎత్తినా అలాంటిదాన్ని ఆడదనే అంటుంది.

"మీ ఆవిడ ఏరీ?"

"లోపలుందండి."

"పిలవండి. ముందు ఆవిడతో మాట్లాడాలి. తర్వాత మీరు కూడా మాట్లాడాలి."

కొట్టాయన భార్య వచ్చింది. భూతద్దమ్మ లేచి నిలబడి, ఆ చేప తన సంచీలోనే వచ్చిందని, కొన్ని అలా ఆలస్యంగా మగవి అవుతాయని, తనకి తెలియకపోవడం వల్ల ఆవిడ మాటలు పడాల్సి వచ్చిందని చెప్పింది. ఆవిడ భర్త వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపుకి ఆయన తువ్వాలుతో బట్టతల మీద లేని చెమట తుడుచుకున్నాడు. తిరిగొచ్చే దారిలో వ్యాను నడుపుతూ భర్త "ఇవాళ ఆ కొట్లో వంట ఉంటుందంటావా?" అన్నాడు. భూతద్దమ్మ నవ్వలేదు. ఒళ్ళో పెట్టుకున్న సంచీలో కత్తితోక చేప కుదుపులకి ఊగుతోంది. దాన్ని కొట్టాయన ఊరికే ఇచ్చేశాడు.

షెడ్డుకి చేరేసరికి మరిది ఆడవాళ్ళ తొట్టి ఖాళీ చేయడానికి నీటిగొట్టం పెడుతున్నాడు. చిన్నకోడలు గుమ్మం పక్కన ఎండబెట్టిన స్పాంజీలు బుట్టలోకి ఏరుతోంది.

భూతద్దమ్మ సంచీని మరిది చేతిలో పెట్టింది. "ఇది నా చేత్తో కట్టి కొట్టుకి పంపిన కాన్పులోది. నీ పెళ్ళానికి వల పట్టడం కూడా రాని రోజుల్లో పంపింది. అక్కడ కూడా ఒక ఆడమనిషి దీని కోసం మాటలు పడింది, నా చెయ్యి తప్పదని. ఇప్పుడు చెప్పు, దీన్ని కూడా ఈ పిల్లే వెళ్ళి వేసొచ్చిందా?"

మరిది సంచీలోకి చూశాడు. వదిన వైపు చూశాడు. "అంటే, వదినా... నువ్వు కూడా..."

"నేను కూడా తప్పుతాను. ఇకమీదట నేను విడదీసినవాటిని ఇంకో మనిషి మళ్ళీ చూడాలి. అనుమానమున్నవి వేరే తొట్టిలో ఉంచాలి, తేలేదాకా. ఆ రెండో కన్ను నాకు ఎవరు కావాలో నాకు తెలుసు."

మరిది సంచీ తొట్టి గట్టు మీద పెట్టాడు. మేకుకి ఉన్న వల తీసి భార్య దగ్గరికి వెళ్ళి పట్టుకోమన్నట్టు చాచాడు. చిన్నకోడలు బుట్ట వదల్లేదు. వల అలాగే గాల్లో ఆగిపోయింది.

"పొరపాటైపోయింది," అన్నాడు మరిది.

ఆమె స్పాంజీ ఏరుతూనే ఉంది. "తేలిపోయింది కదా, మంచిది," అంది. గొంతులో కోపం లేదు, అసలేమీ లేదు. సోమవారం వెళ్ళే మాట ఇంకా ఆ గొంతులోనే ఉంది.

భూతద్దమ్మ ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళింది. కష్టం మీద మోకాళ్ళు వంచి, ఎదురుగా నేల మీదే కూర్చుంది. చేతిలోంచి బుట్ట తీసి పక్కన పెట్టింది.

"అమ్మాయ్, నన్ను చూడు. ఆ తొట్టిలో మగచేపని నువ్వేమైనా వేశావా?"

చిన్నకోడలు తెల్లబోయి చూసింది. "ఇప్పుడు అడుగుతారేంటక్కా? అంతా తెలిసిపోయాక?"

"చేప సంగతి తెలిసింది. నిన్ను మాత్రం మాలో ఎవ్వరం అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. వేశావా?"

ఆ అమ్మాయి తలెత్తింది. ఒకసారి భర్త వైపు చూసింది. అతను వల కిందికి దించి నిలబడ్డాడు. ఆమె మళ్ళీ తోడికోడలి వైపు తిరిగి, గట్టిగా ఊపిరి తీసుకుంది.

"లేదక్కా. నేను వెయ్యలేదు."

"సరే," అంది భూతద్దమ్మ.